పొట్లం కట్టిన కాగితం మాటేమిటి?



బియ్యంలో రాళ్లు ఏరుతాం. కందిపప్పు కొనబోతే రెండు బద్దలు నోట్లో వేసుకుని చూస్తాం. పాలు పలచగా వుంటే పాలవాణ్ణి నిలబెట్టి అడుగుతాం. వంటింట్లోకి వచ్చే ప్రతి వస్తువునూ ఇంత పరీక్షగా చూసే మనం, ఆ వస్తువును చుట్టి వచ్చిన కాగితాన్నీ, ప్లాస్టిక్ సంచినీ, డబ్బానీ మాత్రం ఒక్కసారైనా పరీక్షించం. పారేసేదే కదా అనుకుంటాం. పారేసేలోగా దానిలోంచి కొంత మన తిండిలోకి దిగుతుందన్న సంగతి మనకు తోచదు. ఈవేళ ఆ సంగతే మీతో ముచ్చటించాలని వుంది.

ప్లాస్టిక్ అనేది ఒకే పదార్థం కాదు. మెత్తగా వంగడానికి ఒకటి, గాజులా మెరవడానికి ఒకటి, రంగు కోసం ఒకటి, పెళుసు బారకుండా వుండటానికి మరొకటి - ఇలా ఎన్నో రసాయనాలు కలుపుతారు. వీటిలో కొన్ని అందులో గట్టిగా అంటిపెట్టుకుని వుండవు. వేడి తగిలినా, నూనె తగిలినా, పులుపు తగిలినా, ఎక్కువకాలం నిలవ వున్నా మెల్లగా ఊడివచ్చి తిండిలో కలుస్తాయి. మన వంటల సంగతి ఆలోచించండి. పొగలు కక్కే సాంబారు, నూనె ఓడే బజ్జీలు, చింతపండు పులుసు, ఏడాది పొడుగునా నిలవ వుండే ఆవకాయ! వేడి, నూనె, పులుపు, నిలవ - నాలుగూ మన ఇంట్లోనే వున్నాయి.

ముందు కంటికి కనిపించేదాన్నే తీసుకుందాం. సాయంత్రం వేళ పునుగులు వార్తాపత్రిక ముక్కలో పొట్లం కట్టి ఇస్తారు. తిని చూస్తే కాగితమంతా నూనె, అక్షరాలు అలుక్కుపోయి వుంటాయి. ఆ సిరాలో సీసం వంటివి వుండవచ్చునని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. తినుబండారాలను వార్తాపత్రికల్లో చుట్టకూడదని 2018లో నిబంధన కూడా వచ్చింది. 2023లో మళ్లీ గుర్తుచేయవలసి వచ్చింది. గుర్తుచేయవలసి వచ్చిందంటే ఏమిటి అర్థం? నిబంధన కాగితం మీదే వుంది, బజ్జీ కూడా కాగితం మీదే వుంది!

కంటికి కనిపించే సిరా సంగతే ఇలా వుంటే, కనిపించనివాటి మాటేమిటి? ఉదాహరణకు బిస్‌ఫెనాల్-ఎ అనే రసాయనాన్ని తీసుకుందాం. క్లుప్తంగా బి.పి.ఎ. అంటారు. గట్టిగా, స్వచ్ఛంగా గాజులా కనిపించే పాలీకార్బొనేటు ప్లాస్టిక్‌ను దీనితో తయారుచేస్తారు. రేకు డబ్బాలకు తుప్పు పట్టకుండా లోపల వేసే పూతలోనూ ఇది వాడుతూ వచ్చారు. ఇది స్త్రీల శరీరంలోని ఈస్ట్రోజెన్ హార్మోనును కొంతవరకు అనుకరిస్తుందని 1936లోనే ఇంగ్లండులో కనుక్కున్నారు. అయినా తరువాతి కాలంలో దానితోనే పసిపిల్లల పాలసీసాలు చేశారు.

దీని గుట్టు మళ్లీ బయటపడటం ఒక చిత్రమైన కథ. 1998లో అమెరికాలో పెట్రీషియా హంట్ అనే శాస్త్రజ్ఞురాలు ఎలుకల అండాలమీద పరిశోధన చేస్తున్నారు. ఏ మందూ ఇవ్వని ఆరోగ్యమైన ఎలుకల అండాల్లో ఉన్నట్టుండి లోపాలు పెరిగిపోయాయి. ఆమె వదిలిపెట్టకుండా కారణం వెతికారు. చివరికి తేలిందేమిటంటే, ఎలుకలుండే ప్లాస్టిక్ పంజరాలను ఎవరో పొరపాటున ఘాటైన సబ్బుతో కడిగారు. ప్లాస్టిక్ దెబ్బతిని బి.పి.ఎ. బయటికి వచ్చింది. ఎన్నో పరీక్షలు చేసి నిర్ధారించుకున్నాకనే 2003లో ఆమె ఈ సంగతి లోకానికి చెప్పారు.

ఎలుకకు జరిగినదంతా మనిషికీ జరుగుతుందని చెప్పడానికి వీల్లేదు. మిమ్మల్ని భయపెట్టాలని నా ఉద్దేశం కాదు. కాని పరిశోధనలు పెరిగినకొద్దీ శాస్త్రజ్ఞుల జాగ్రత్త కూడా పెరిగింది. రోజుకు ఇంత లోపలికి పోయినా ఫరవాలేదని 2015లో చెప్పిన మోతాదును, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది. ఆ లెక్కతో ఏకీభవించని నిపుణులూ వున్నారు. పెద్దలు లెక్కలు తేల్చుకునేదాకా పసివాళ్లు ఆ సీసాలతోనే పాలు తాగాలా అన్నది తల్లుల ప్రశ్న.

ఆ ప్రశ్న అడిగినచోట పని జరిగింది. 2008లో కెనడాలో ఈ విషయమై పెద్ద ఆందోళన చెలరేగింది. దుకాణాలవాళ్లు ఆ పాలసీసాలను అలమరల్లోంచి తీసేశారు. వాటిని నిషేధిస్తామని ఆ ఏడే ప్రభుత్వం ప్రకటించింది. 2009లో అమెరికాలో పాలసీసాలు చేసే ఆరు పెద్ద కంపెనీలు బి.పి.ఎ. వాడకం మానుకున్నాయి. ప్రభుత్వ నిషేధం 2012లో గాని రాలేదు. చూశారా, చట్టం కంటే మూడేళ్ల ముందే అంగడి మారింది! కొనేవాళ్లు వద్దంటే అమ్మేవాడు ఎవరికోసం తయారుచేస్తాడు?

డెన్మార్కు సంగతి ఇంకా విశేషం. నూనె పీల్చకుండా వుండటానికి కాగితానికి ఫ్లోరిన్ వున్న కొన్ని రసాయనాలు పట్టిస్తారు. ఇవి ఎంతకాలానికీ నశించవు, ఒంట్లో చేరితే ఒక పట్టాన పోవు. ఆ దేశంలో ఒక పెద్ద సహకార దుకాణాల సంస్థ, 2015లో, ఈ పూతలేని సంచి దొరికేదాకా మొక్కజొన్న పేలాల పొట్లాలు అమ్మేదే లేదని పక్కన పెట్టేసింది. దొరకదన్న సంచి దొరికింది! 2020 జూలై నుంచి కాగితపు ప్యాకింగులో వాటి వాడకాన్ని ఆ దేశం నిషేధించింది.

మరి మన దేశంలో? పాలసీసాల ప్లాస్టిక్‌లో బి.పి.ఎ. వుండకూడదని 2015లో భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఆ తరువాత కూడా ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే సంస్థ బజారులో సీసాలు కొని పరీక్ష చేయిస్తే, అందులో బి.పి.ఎ. బయటపడింది. 2025లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆహారాన్ని తాకే వస్తువుల్లో బి.పి.ఎ.నూ, డెన్మార్కువారు వద్దన్న ఆ ఫ్లోరిన్ రసాయనాలనూ నిషేధించాలని ముసాయిదా తయారుచేసి ప్రజాభిప్రాయం కోరింది. ఇటువంటప్పుడు ఉత్తరాలు రాసేది ఎవరు? తయారుచేసేవాళ్లు తప్పక రాస్తారు. మనం కూడా రాయాలి కదా!

మరొక్క చిక్కు వుంది. "బి.పి.ఎ. లేదు" అని చీటీ అంటిస్తారు. దాని బదులు దాని అన్నదమ్ముడి వంటి బి.పి.ఎస్. వాడవచ్చు. ఇందాక చెప్పిన పెట్రీషియా హంట్‌గారే 2018లో, ఈ బదులు రసాయనాలూ ఎలుకల్లో అటువంటి లోపాలే తెస్తున్నాయని చూపించారు. కాబట్టి "అది లేదు" అంటే చాలదు, "మరి ఏముంది?" అని కూడా అడగాలి.

ఇంట్లో మనం చేయగలిగినవి చెబుతాను. హోటలుకు పంపేటప్పుడు స్టీలు కేరేజీ ఇచ్చి పంపండి. వేడి సాంబారు, వేడి టీ ప్లాస్టిక్ సంచుల్లో తేవద్దు. కాగితపు కప్పులకు కూడా లోపల సన్నని ప్లాస్టిక్ పొర వుంటుంది. అందులో వేడి పానీయం పావుగంట వుంటే, నూరు మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.వారు 2020లో తేల్చారు. ఆవకాయకు జాడీని మించినది లేదు. గీతలు పడి మసకబారిన ప్లాస్టిక్ డబ్బాలు తీసిపారేయండి. పెద్ద నీళ్ల డబ్బా అడుగున ముక్కోణపు గుర్తులో 7 అంకె, దాని కింద పి.సి. అనే అక్షరాలు వుంటే అది పాలీకార్బొనేటు. దాన్ని ఎండలో వుంచవద్దు. చంటిబిడ్డకు తల్లిపాలే మేలు. తప్పనిసరై పైపాలు పట్టవలసివస్తే స్టీలు గిన్నె, చెంచా చాలు.

కాని అక్కయ్యలారా, చెల్లెళ్లారా, ఇంతటితో సరిపెట్టుకుంటే సగం పనే చేసినట్టు. డబ్బా అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరం వెతికి చదవగల ఇల్లాలు తన బిడ్డను కాపాడుకుంటుంది. చదువురాని తల్లి మాటేమిటి? పొద్దున్నే కూలికి పోతూ, దొరికిన సంచిలో కూర కట్టించుకునే ఆమె మాటేమిటి? ఆమెను జాగ్రత్తపడమంటే ఏం జాగ్రత్త పడుతుంది? విషం లేని సంచి ఆమెకూ దొరకాలంటే, అటువంటిది తయారుచేయడమే మానిపించాలి. అందుకే ఇది ఒక్క వంటింటి చిట్కాల వ్యవహారం కాదంటున్నాను.

ఒక మాట మనవి. తోపుడుబండి మీద బజ్జీలు వేసుకునే మనిషితో తగాదా పెట్టుకోవద్దు. ఆయనకు ఆ కాగితమే చవక. అరిటాకు ముక్కలో ఇమ్మని నవ్వుతూ అడగండి. మన గిన్నె మనమే పట్టుకువెళదాం. గట్టిగా నిలదీయవలసింది డబ్బాలూ, పూతలూ తయారుచేసేవాళ్లను, తనిఖీ చేయవలసిన అధికారులను. మహిళా మండలిలో ఒక్క సమావేశం దీనికి కేటాయించండి. పదిమంది సంతకాలతో మీ జిల్లా ఆహార భద్రతా అధికారికి అర్జీ పెట్టండి. పాలసీసాలు పరీక్షకు పంపమనండి, ఫలితాలు చెప్పమనండి. కంపెనీకి ఉత్తరం రాసి ఈ డబ్బాలో ఏమేం కలిపారని అడగండి. బదులు రాకపోతే మళ్లీ రాయండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన పిల్లల కోసం అడగవలసిన అమ్మలం మనమే.

సెలవు.