టామ్ అండ్ జెర్రీలో మొహం లేని మనిషి

ఈరోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పాత టామ్ అండ్ జెర్రీలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఎవరు?

టామ్ అరుస్తాడు, మూలుగుతాడు, ఎప్పుడో ఒకసారి పాట పాడతాడు. జెర్రీ కిచకిచమంటాడు, అంతే. స్పైక్ కుక్క మాట్లాడుతుంది కానీ అది వచ్చేది కొన్నిట్లోనే. మరి ఇంకెవరు? గుర్తు తెచ్చుకోండి. లావుపాటి కాళ్లు, వాటికి మేజోళ్లు, కింద స్లిప్పర్లు, నడుముకి ఏప్రన్, చేతిలో చీపురు. ధనధనమని మెట్లు దిగి వచ్చి టామ్ మీద కేకలేస్తుంది చూడండీ, ఆవిడ. ఈరోజు మాట్లాడుకునేది ఆవిడ గురించే.

ముందు ఈ కార్టూన్ మన దాకా ఎట్లా వచ్చిందో చూద్దాం. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు ఎంజీఎం స్టూడియోలో 1940 నుంచి 1958 దాకా 114 చిన్న సినిమాలు తీశారు. ఒక్కోటి ఏడెనిమిది నిమిషాలు. అవి టీవీ కోసం తీసినవి కావు. థియేటర్లో అసలు సినిమాకి ముందు వేసేవాళ్లు. 7 ఆస్కార్లు వచ్చాయి. టీవీలోకి వచ్చింది తర్వాత. కార్టూన్ నెట్‌వర్క్ ఇండియాలో మొదలైంది 1995లో. ఆ తర్వాత కేబుల్ వైరు ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా పిల్లీ ఎలుకా వెళ్లినయ్. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, అన్ని చోట్లా.

ఇంగ్లీషు ముక్క రాని ఊళ్లో ఇది ఎందుకు ఆడింది? అందులో అర్థం కావాల్సిన మాట లేదు కాబట్టి. మాట చేయాల్సిన పని సంగీతం చేస్తుంది. స్కాట్ బ్రాడ్లీ అనే సంగీత దర్శకుడు జెర్రీ పిల్లి అడుగులకి ఒక వాయిద్యం, టామ్ జారిపడితే ఒక వాయిద్యం, అట్లా ఒక్కో కదలికకీ సంగీతం కట్టాడు. టామ్ పెట్టే ఆ ఫేమస్ కేక ఉంది కదా, అది సాక్షాత్తూ డైరెక్టర్ విలియం హన్నా గొంతు! కేకకి డబ్బింగ్ ఏం కావాలి? ముంబైలో పిల్లాడు ఎక్కడ నవ్వాడో మాచర్లలో పిల్లాడూ అక్కడే నవ్వాడు.

మరి ఆవిడ సంగతి? మనలో చాలామంది ఆవిడని ఇంటి ఓనర్ అనుకున్నారు. మా నాయనమ్మ మాత్రం అట్లా అనుకోలేదు. నాయనమ్మకి చదువు రాదు, మిరప కోతలకి వెళ్లిన మనిషి. సాయంత్రం మాతోపాటు కూర్చుని చూసేది. ఒకరోజు అడిగింది: "ఏందిరా, పిల్లి మొహం చూపిస్తన్నారు, ఎలక మొహం చూపిస్తన్నారు, ఆ మనిషి మొహం చూపియ్యరేంది?" మేం నవ్వాం. "ఓనరు కదా నాయనమ్మా, బిజీగా ఉంటది" అన్నాం. "చేతిలో చీపురున్నోళ్లు ఓనర్లు కాదురా" అంది.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్తే 1940 ఫిబ్రవరికి చేరతాం. మొట్టమొదటి సినిమా పేరు పుస్ గెట్స్ ద బూట్. రిలీజ్ ఫిబ్రవరి 10, 1940. అప్పటికి టామ్ పేరు టామ్ కాదు, జాస్పర్. కథంతా ఆవిడ మాట మీదే నడుస్తుంది. ఇంకొక్క వస్తువు పగలగొట్టావో, బయటికి గెంటేస్తా అంటుంది పిల్లితో. ఎలుక అది విని, గ్లాసులు పట్టుకుని పిల్లిని ఆడిస్తుంది. అంటే టామ్ అండ్ జెర్రీ మొదటి కథకి తాళంచెవి ఆవిడ బెదిరింపే. 1952 దాకా ఇరవై సినిమాల దగ్గర దగ్గర కనిపించింది.

ఆవిడ బొమ్మకి ఉన్న పేరు మామీ టూ షూస్. రెండు చెప్పుల మామీ అన్నమాట. మనిషికి చెప్పులతో పేరు! ఆ రోజుల్లో అమెరికాలో తెల్లవాళ్ల ఇళ్లల్లో వంట చేసి, పిల్లల్ని పెంచే నల్లజాతి ఆడవాళ్లని సినిమాల్లో ఒకే అచ్చులో పోసేవాళ్లు. లావుగా ఉండాలి, గట్టిగా అరవాలి, భాష వంకరగా మాట్లాడాలి, జనం నవ్వాలి. ఆ అచ్చు పేరే మామీ. ఆవిడకి గొంతు ఇచ్చిన నటి లిలియన్ రాండాల్ఫ్. రేడియోలో పెద్ద పేరున్న మనిషి. అయినా ఈ కార్టూన్ల టైటిల్స్‌లో ఆమె పేరు వేయలేదు.

ఇక్కడొక విషయం గమనించండి. ఈ కార్టూన్లో జంతువులకి మొహాలున్నాయి, మాటల్లేవు. ఈమెకి మాటలున్నాయి, మొహం లేదు.

"బ్రో, కెమెరా పిల్లి ఎత్తులో ఉంటది కదా, పిల్లికి కనపడేది కాళ్లే కదా" అని కొందరంటారు. కరెక్టే, అది నిజంగా మంచి డైరెక్షన్ ఐడియా. కానీ అదే హన్నా, అదే బార్బెరా 1956లో బిజీ బడ్డీస్ అని తీశారు. అందులో జీనీ అనే తెల్లమ్మాయి పసిపిల్లాడిని చూసుకునే పనికి వస్తుంది. పిల్లాడిని వదిలేసి ఫోన్లో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటుంది. ఆ అమ్మాయి మొహం చక్కగా చూపించారు. అప్పుడూ కెమెరా పిల్లిదే, ఎలుకదే.

ఇంకో సంగతి. మొదటి సినిమా వచ్చిన పంతొమ్మిది రోజులకి, ఫిబ్రవరి 29, 1940న, లాస్ ఏంజెలిస్‌లో ఆస్కార్ల పండగ. గాన్ విత్ ద విండ్ సినిమాకి హాటీ మెక్‌డానియల్‌కి సహాయ నటి అవార్డు వచ్చింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆమె. ఏ పాత్రకి? మామీ పాత్రకే. ఆ సినిమాని పంపిణీ చేసింది కూడా ఎంజీఎం. అయితే ఆ హోటల్లోకి నల్లవాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. నిర్మాత అడిగితే ఒప్పుకున్నారు. మిగతా నటులతో కలిపి కూర్చోబెట్టారా? లేదు. గోడ పక్కన విడిగా ఒక చిన్న టేబుల్ వేశారు. అక్కణ్ణుంచి లేచి వెళ్లి అవార్డు తీసుకుంది.

ఇప్పుడు ఫోన్లో చేయాల్సిన పని ఒకటి చెప్తా. 1950లో వచ్చిన సాటర్‌డే ఈవెనింగ్ పుస్ అసలు వెర్షన్ ఎక్కడైనా దొరికితే చూడండి. ఆవిడ శనివారం రాత్రి తయారై పేకాటకి వెళ్తుంది. టామ్ దోస్తుల్ని పిలిచి ఇంట్లో జాజ్ పార్టీ పెడతాడు. జెర్రీకి నిద్ర పట్టదు, ఆవిడకి ఫోన్ చేస్తాడు. ఆవిడ వీధిలో కెమెరా వైపు పరిగెత్తుకుంటూ వస్తుంది. అక్కడ స్పీడు 0.25 పెట్టి ఆపుతూ చూడండి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. ఆవిడ మొహం ఉండేది సెకను కూడా ఉండదు, కానీ ఉంది. కళ్లు, ముక్కు, నోరు, అన్నీ ఉన్నయ్. ఎవరో ఆర్టిస్ట్ కూర్చుని గీశాడు.

తర్వాత ఏమైంది? నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఇలాంటి పాత్రల మీద గట్టిగా అభ్యంతరం చెప్పింది. 1952 తర్వాత ఆవిడ కొత్త సినిమాల్లో కనపడలేదు. 1960ల్లో ఈ కార్టూన్లు అమెరికా టీవీకి వెళ్లేటప్పుడు పాత సీన్లు మళ్లీ గీయించారు. కొన్నిట్లో నల్లకాళ్లని తెల్లకాళ్లు చేశారు, గొంతు ఐరిష్ యాసకి మార్చారు. సాటర్‌డే ఈవెనింగ్ పుస్‌లో అయితే ఆవిడని పూర్తిగా తీసేసి సన్నటి తెల్లమ్మాయిని పెట్టారు. 1990ల్లో మళ్లీ డబ్బింగ్ చేసి, వంకర భాష తీసేసి థియా విడేల్ అనే నటి గొంతు పెట్టారు. లిలియన్ రాండాల్ఫ్ గొంతు అట్లా పక్కకి పోయింది.

ఇక్కడ ఈజీగా తీర్పు చెప్పే పని లేదు. సంఘం అడిగింది న్యాయం. ఒక జాతి మొత్తాన్ని నవ్వులాటకి వాడుకుంటుంటే ఎవరు ఊరుకుంటారు? మరి రాండాల్ఫ్ వైపు నుంచి చూస్తే? 1946లో ఎబొనీ అనే నల్లజాతి పత్రిక ఆమె చేసిన ఒక రేడియో పనిమనిషి పాత్రని విమర్శిస్తే, ఆమె అదే పత్రికలో జవాబిచ్చింది. ఆ రోజుల్లో ఆమె లాంటి నటికి వచ్చే పాత్రలే అవి. పాత్ర పోతే పని పోతుంది. మొహం ఇవ్వండి అంటే, మనిషినే తీసేశారు. తప్పు దిద్దడం వేరు, తుడిచెయ్యడం వేరు. నా మాట అంతవరకే.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? పల్నాటి వాడికి దీంట్లో మాట్లాడే హక్కుంది. బ్రహ్మనాయుడి చాపకూడు కథ మనది. అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాలవాడైన కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నాడని పల్నాటి వీరుల కథ చెప్తుంది. కారెంపూడి తిరునాళ్లలో ఇప్పటికీ ఏటా చాపకూడు పెడతారు. ఆ చాప పక్కన 1940 నాటి ఆ విడి టేబుల్‌ని పెట్టి చూడండి. చాప గురించి గొప్పలు చెప్పుకునే మనకి, ఆ టేబుల్ మన ఇళ్లల్లో ఎక్కడుందో వెతికే బాధ్యత కూడా ఉంది.

ఎక్కడుందో నా లైన్‌లోంచే చెప్తా. వీడియో తీసేవాళ్లం కదా. మన పెళ్లి వీడియో మూడు గంటలుంటుంది. పెళ్లికొడుకు బూట్లకి స్లో మోషన్ షాట్ ఉంటుంది. పొద్దున్నుంచి అంట్లు తోమిన అక్కల షాట్ ఒక్కటి ఉంటుందా? ఫ్రేములోకి వస్తే క్రాప్ చేస్తారు. మిరప సీజన్లో కల్లాల మీద డ్రోన్ ఎగరేస్తాం. ఎర్ర తివాచీ పరిచినట్టు ఉంటుంది, లైకులు కూడా బాగా వస్తాయి. ఆ కాయ కోసినవాళ్లు కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చిన కుటుంబాలు, మన చుట్టుపక్కల ఊళ్ల ఆడకూలీలు. ఘాటు తట్టుకోలేక మొహానికి గుడ్డ కట్టుకుని వంగి కోస్తుంటారు. డ్రోన్‌కి కనపడేది వాళ్ల వీపులే. ఆ గుడ్డ వాళ్లు కట్టుకున్నారు సరే, భోజనాల వేళకి విప్పుతారు కదా. అప్పుడు కెమెరా కట్టేస్తున్నది మనమే.

కాబట్టి నేను టామ్ అండ్ జెర్రీ చూడొద్దు అనడం లేదు. చూడండి, మీ చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ చూపించండి. అంత కచ్చితమైన టైమింగ్ కామెడీ మళ్లీ దొరకడం కష్టం. ఆ కాళ్లు వచ్చినప్పుడు మాత్రం చెప్పండి: ఈ గొంతు లిలియన్ రాండాల్ఫ్‌ది, ఆ ఇంట్లో పనంతా చేసింది ఈవిడ, మొహం చూపించలేదు, ఎందుకంటే అప్పటి లోకం అట్లా ఉండేది. పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి. అవసరమైతే వీడియో ఆపి చెప్పండి.

ఇంకొకటి. ఈ సీజన్లో మీరు ఏ వీడియో తీసినా, పెళ్లైనా పొలమైనా, పని చేసేవాళ్లని ముందు అడగండి, ఒప్పుకుంటే మొహం కనపడేట్టు ఒక్క షాట్ తీయండి. కింద వాళ్ల పేరు వేయండి. వాళ్ల ఫోన్‌కి ఆ క్లిప్ పంపండి. ఐదు నిమిషాల పని.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.