తెర వెనుకటి అడుగులు

గత సంవత్సరాంతమున మా కళాశాల విద్యార్థులు ప్రదర్శించిన ‘జటాయువు’ నాటిక ముప్పావు గంటకు మించదు. దాని వెనుక నాలుగు నెలల శ్రమ కలదు. కథ నెన్నుకొన్నదియు, మాటలు కూర్చినదియు వారే. ఉపాధ్యాయులమైన మేము ప్రక్కన నిలిచి చూచితిమి. కొన్ని చోట్ల అడ్డుకూడ పడితిమి.

రావణుడు తోలుబొమ్మగాను, జటాయువు మానవదేహముతోను కనబడవలెనని వారి సంకల్పము. తొలినాటి సాధనలోనే చిక్కు వచ్చినది. మేకతోలును వెలుగు చొచ్చునంత పలుచగా సాపుచేసి రంగు లద్దుటచేత ఆంధ్రదేశపు బొమ్మలకు నీడలోను రంగు లుండును. తెల్లని తెరకు వెనుకనుండి అదిమి పట్టగా రావణుడు ఎఱ్ఱగా, పచ్చగా వెలిగిపోయెను. ప్రక్కనే రెక్కలు చాచిన విద్యార్థి నీడ మాత్రము కారునలుపు! ప్రాణమున్న దేహము బొగ్గువలెను, ప్రాణము లేని తోలు సజీవముగాను తోచినవి. పక్షిని తెర ముందునకు రప్పింపుడని ఒక కుఱ్ఱవాడు చెప్పగా మాకు రుచింపలేదు. వారము దినములు వాదించితిమి. అతడే గెలిచెను. పక్షిపై ప్రక్కనుండి చిన్న దీపము వేసి, ఆ వెలుగు తెరపై పడకుండ చూచుకొంటిమి.

ఇక బొమ్మను ఆడించుట. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరము సమీపమున, నిమ్మలకుంట యను గ్రామము తోలుబొమ్మలకు పేరు గాంచినది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆ ప్రాంతమునుండియే యొక వృద్ధ కళాకారుని మేము పిలిపించితిమి. ఆటకు పిలుచువారు తగ్గుటచే ఆయన కుమారులు తోలుతో దీపపు బుడ్లు చేసి అమ్ముచున్నారట.

నాలుగడుగుల రావణుని మణికట్టు నొచ్చునట్లు ఊపుచున్న మా విద్యార్థినిని ఆయన కొంతసేపు చూచి, “చేత్తో కాదు పాపా, కాళ్లతో ఆడించల్ల” అనెను. బొమ్మ నడుమనున్న వెదురుబద్దను తాను పట్టి, కాలిక్రింది చెక్కను ధనధన తొక్కుచు అడుగులు వేసెను. తెరపై రావణుడు నడచుచుండగా తెర వెనుక ముసలివాడు నర్తించుచుండెను.

ఆ నర్తనమును సభకు చూపుదుమని విద్యార్థులు పట్టుపట్టిరి. ఆయన ముఖము చిన్నబోయెను. “తెర ఎనక చూపిస్తే ఇంకేముంటాది సామీ?” అనెను. ఆయన తండ్రితాతలు కాపాడిన మఱుగది. దానిని తొలగించు హక్కు మాకెక్కడిది? మానుకొండని మేము విద్యార్థులకు చెప్పితిమి. మఱునాటి ఉదయము ఆయనయే వచ్చి, రెక్క తెగిన పిమ్మట మాత్రము తెర దించుకొండనెను.

ప్రదర్శననాడు అట్లే జరిగినది. పక్షి నేలకొరిగెను, తెర జారెను. చెమటతో తడిసిన బాలిక రావణుని చేతబట్టి చెక్కపై ఇంకను అడుగులు వేయుచునే యుండెను. సభలో ఆ చెక్క చప్పుడు తప్ప వేఱు శబ్దము లేదు.

జీవితమంతయు తెర వెనుక గడపిన ఆ వృద్ధుడు ఆనాడు ముందు వరుసలో కూర్చుండెను. ఏమనునోయని మేము దగ్గఱకు పోతిమి. ఆయన మమ్ము దాటి బాలికకడకు పోయి, యుద్ధములో రావణుని కుడిచేయి ఒక దరువు ఆలస్యముగా లేచినదని చెప్పెను.