నాలుగు బొమ్మలు చాలు

ఇంట్లో అవసరమైన వస్తువులే ఉంచుకుందామనుకునే తల్లిదండ్రులు, పిల్లల పుట్టినరోజుకు బొమ్మలు వద్దంటే దాన్ని పిసినారితనంగా తీసుకోకండి. వారి మాటకు ఆధారం ఉంది. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల వయసున్న 36 మంది పిల్లలను ఒకసారి 4 బొమ్మలతో, మరోసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చారు. 2018లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం, నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. అధ్యయనం చిన్నదే, పసిపిల్లలకే పరిమితమైనదే. అయినా ఎదురుగా పదహారు ఉంటే పసివాళ్ల చూపు ఒకదాని మీద నిలవదన్న సంగతిని తోసిపుచ్చలేం.

"ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? పొట్లం విప్పే సంబరం పిల్లలకు ఉండొద్దా?" అని బంధువులు అడుగుతారు. న్యాయమైన మాటే, ఆ సంబరం తప్పక ఉండాలి. పొట్లంలో వాడేకొద్దీ అయిపోయేదో, ఏళ్ల తరబడి నిలిచేదో పెడితే సరి. రంగు పెన్సిళ్లు, బంతిపూల విత్తనాలు, కథల పుస్తకం, లేదంటే హైదరాబాద్ బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్తామని రాసిన చీటీ. ఆ చీటీతో పిల్లలకు మీ సమయం కూడా దక్కుతుంది, అన్నిటికన్నా విలువైనది అదే. బొమ్మే ఇవ్వాలనిపిస్తే ఏటికొప్పాక బొంగరం ఇవ్వండి. మెత్తని అంకుడు కర్రతో చేసి, లక్కతో మెరుగుపెట్టే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బ్యాటరీలతో పనిలేదు. ఏది కొన్నా, ముందుగా ఆ పిల్లల అమ్మానాన్నలకు ఒక్క ఫోన్ చేసి అడగండి.