ఓటుకూ ఒక కైఫియత్తు

వేదిక మీదా ముందు వరసల్లోనూ నాకంటే పెద్దలున్నారు. అయినా నేను చెప్పదలచుకున్నది వెనక వరసల్లో ఉన్న పరిశోధక విద్యార్థులకు.

మెకంజీ మనుషులు దత్తమండలాల్లో ఊరూరా తిరిగి కైఫియత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించారు. బ్రౌను వాటికి నకళ్ళు తీయించాడు. మన కాలంలో కడపలోని బ్రౌన్ కేంద్రం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. ఫలానా చెరువు ఎవరు కట్టించారో, ఫలానా మాన్యం ఎవరికి దఖలు పడిందో రెండు వందల ఏళ్ళ కిందటి సంగతి ఇవాళ చెప్పగలుగుతున్నాం. అదే ఊళ్ళో జిల్లా బోర్డు ఎన్నికలప్పుడు ఎవరు నిలబడ్డారు, ఎవరికెన్ని ఓట్లు పడ్డాయి, ఊరు ఎటు చీలింది అని అడిగితే నోరు మెదపలేం. శాసనసభ ఎన్నికలకు పట్టికలున్నాయి. జిల్లా బోర్డుకు, సమితికి, పరిషత్తుకు వరసగా రాసుకున్న చరిత్ర మన చేతిలో లేదు. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

మన పెద్దలకు సర్కారు కనపడింది బోర్డు రూపంలోనే. రోడ్డు బోర్డుది. రోడ్డు పక్క చింతచెట్లు బోర్డువి. ఆసుపత్రి, సత్రం, హైస్కూలు దానివే. నేను చదువుకున్నది జిల్లా పరిషత్ హైస్కూల్లో. మా నాయన మాత్రం చివరిదాకా దాన్ని బోర్డు స్కూలనే అన్నాడు. 1884 నాటి మద్రాసు చట్టం జిల్లా బోర్డును, తాలూకా బోర్డును ఏర్పరచినప్పుడు జిల్లా బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. 1920 చట్టంతో ఎన్నికైన సభ్యుల బలం పెరిగింది. 1930 సవరణతో నామినేషన్లు పోయి, జిల్లా బోర్డు సభ్యులను ఓటర్లే నేరుగా ఎన్నుకోవడం మొదలైంది. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. అప్పట్లో ఓటరంటే పన్ను కట్టగలిగినవాడు. మెట్టచేలో కూలికి పోయేవాడు ఆ జాబితాలో లేడు. ఈ తేదీలన్నీ చట్టాల పుస్తకాల్లో దొరుకుతాయి. వాటి కింద మన ఊళ్ళలో ఏం జరిగిందన్నదే రాయవలసి ఉంది.

ఆ రాత సులువు కాదు. జిల్లా హద్దులే నిలకడగా లేవు. మదనపల్లె, వాయల్పాడు 1911 దాకా కడప జిల్లావి. బనగానపల్లె నవాబు సంస్థానం 1948లో కర్నూలులో కలిసింది. ఆదోని, ఆలూరు వాళ్ళు 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లా ఓటర్లు. మార్కాపురం, గిద్దలూరు 1970లో ప్రకాశం వైపు వెళ్ళాయి. మార్కాపురం వైపు సమితి అధ్యక్షులు అంతకుముందు కర్నూలు పరిషత్తులో కూర్చున్నవాళ్ళే. కాబట్టి ‘కర్నూలు జిల్లా ఎన్నికల చరిత్ర’ అనగానే, ఏ సంవత్సరపు కర్నూలు అని అడగాలి.

స్థానాల లెక్క ఎంత ముఖ్యమో మనవాళ్ళకు తెలియక కాదు. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో ఒప్పందానికి కూర్చున్న కోస్తా, సీమ పెద్దలు నీళ్ళతో పాటు, శాసనసభ స్థానాలను జిల్లాలకు సమానంగా పంచాలన్న మాటా రాయించుకున్నారు. జనం పలచగా ఉన్న సీమకు ఆ షరతు ప్రాణం లాంటిది.

నేను ఎక్కువగా ఆలోచించింది 1959 తర్వాతి కాలం గురించి. బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫార్సు మీద ఆ ఏడాది నవంబరు 1న పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. తర్వాత రెండు నెలలు తిరిగేసరికి మన పెదపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యాడు. ఎంతో ఆశతో మొదలైన ఏర్పాటు అది. కానీ సమితి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ముఖ్యంగా సర్పంచులు, పరిషత్ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ముఖ్యంగా సమితి అధ్యక్షులు. 1964 చట్టం తర్వాత సర్పంచును కూడా వార్డు మెంబర్లే ఎన్నుకున్నారు. తాలూకా అంతటినీ ఒప్పించే పని తప్పింది; కొన్ని పదుల మంది గుప్పిట్లో ఉంటే చాలు. సమితి చేతిలో బావుల అప్పులు, రోడ్డు పనులు, టీచర్ల బదిలీలు ఉన్నాయి. అప్పటినుంచి ఒక్కో సర్పంచు ఓటుకు విలువ కట్టారు, కాపలా పెట్టారు.

మా మేనమామ అలాంటి ఒక ఎన్నికలో క్యాంపుకు పోయి పదకొండు రోజులు ఇంటికి రాలేదు. ఏ ఊళ్ళో ఉంచారో ఇంట్లోవాళ్ళకు తెలియదు. మా అత్త ఆ పదకొండు రాత్రులూ తలుపుకు లోపల రోకలి ఆనించి పడుకుంది. ముఠా కక్షలు సమితులతో పుట్టాయని నేను అనను. అవి అంతకుముందూ ఉన్నాయి. కానీ వాటిని వార్డు మెంబరు గడప దాకా తెచ్చింది ఈ పరోక్ష ఎన్నికేనని నా నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికే నాకు ఊరూరి లెక్కలు కావాలి.

పరీక్షకు అవకాశం కూడా ఉంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం సమితుల చోట మండలాలు తెచ్చింది. మన కడప, కర్నూలు జిల్లాల్లో కలిపి అవి వంద దాటాయి. 1987 ఎన్నికల్లో మండలాధ్యక్షుణ్ణీ, జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. పరిషత్ అధ్యక్షుడికి జిల్లా అంతా ఓటు వేసింది అప్పుడే. 1994 చట్టంతో ఈ ఇద్దరికీ మళ్ళీ పరోక్ష ఎన్నికే వచ్చింది. 1987లో క్యాంపులు లేని ఊళ్ళలో ఏం మారింది, 1995లో ఏం తిరిగొచ్చింది? ఇంత మంచి ప్రశ్న మన ముంగిట్లో ఉండగా ఎవరూ ముట్టుకోకపోవడం నాకు అర్థం కాదు.

జరగని ఎన్నికలనూ రాయాలి. 1970 తర్వాత మళ్ళీ 1981 దాకా ఆగాం. 2006 తర్వాత పరిషత్ ఎన్నికలు 2014లో. 2021 ఏప్రిల్ 8న వేసిన ఓట్లను సెప్టెంబరు 19న లెక్కించారు. ఏకగ్రీవమని రాసిన ప్రతి ఊళ్ళోనూ అది ఒద్దికా, భయమా అని తేల్చాలి. 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడినా పరిషత్తులు పాత ఉమ్మడి జిల్లాలవే కొనసాగాయి. జిల్లా చీలినా పరిషత్తు చీలలేదు.

ఇలాంటి లెక్క రాసుకున్న చోటు ఒకటి చెబుతాను. ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట కెరియర్, పెన్విత్ వంటి జిల్లా కౌన్సిళ్ళు 1974లో వచ్చి 2009లో రద్దయ్యాయి. ముప్పై అయిదేళ్ళ ఆయుష్షు. అయినా అక్కడ స్థానిక ఎన్నికల ఫలితాలను వార్డువారీగా సేకరించడానికి కొలిన్ రాలింగ్స్, మైకేల్ త్రాషర్ అనే ఇద్దరు పండితులు దశాబ్దాలు ధారపోశారు. మన బోర్డులకు మూలం ఆ దేశపు పాలనే. బోర్డును తెచ్చుకున్నాం గానీ దాని లెక్క రాసుకునే అలవాటును తెచ్చుకోలేదు.

పిల్లలూ, ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్లున్నాయి, పాత పత్రికల సంపుటాలున్నాయి. అవి వచ్చే ఏడు చూసుకోవచ్చు. మా అత్త ఇప్పుడు లేదు. క్యాంపులకు పోయినవాళ్ళు, వాళ్ళకోసం తలుపులకు రోకళ్ళు ఆనించినవాళ్ళు కోవెలకుంట్లలో, జమ్మలమడుగులో, పత్తికొండలో ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లో ముందు వాళ్ళ అరుగుల మీదికి పోండి.