చదరంగపు ప్రోగ్రాము: అమ్ముటయా, పంచుటయా?

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయపు అరుగుమీద సాయంకాలము చదరంగపు బల్ల ఖాళీగా నుండుట అరుదు. అచ్చట ఆట నేర్చిన యువకుడొకడు మూడేండ్లు రాత్రులు మేల్కొని, చదరంగమాడు కంప్యూటరు ప్రోగ్రాము నొకదానిని వ్రాసెను. “ఉద్యోగము మాని దీనిని అమ్ముకొని బ్రతుకవచ్చునా?” అని మొన్న నన్నడిగెను. ఇంటిల్లిపాది అతని జీతముమీదనే ఆధారపడియున్నారు. కావున తేలికగా జవాబు చెప్పరాదని ఎంచి, నాకు తెలిసినంత విన్నవించెదను.

ఇట్టి సరదా సిరి తెచ్చిన రోజులు లేకపోలేదు. 1976లో పీటర్ జెన్నింగ్స్ అను నతడు కిమ్-1 అను చిన్న కంప్యూటరు కొరకు మైక్రోచెస్ వ్రాసి పది డాలర్లకు అమ్మెను. ఆ యంత్రపు మెమరీ సుమారు పదకొండువందల అక్షరములకు మాత్రమే చాలును. ఆట సామాన్యమే, అయినను వేలకొలది ప్రతులు చెల్లెను. ఆ రాబడి విసికాల్క్ అను ప్రసిద్ధమైన లెక్కల ప్రోగ్రామునకు పెట్టుబడిగా తోడ్పడెను. 1978లో స్ప్రాక్లెన్ దంపతులు వ్రాసిన సార్గాన్ కూడ బాగుగ అమ్ముడుపోయెను. నాడు సరకు అరుదు.

నేడట్లు కాదు. 2008లో వెలువడిన స్టాక్‌ఫిష్ ప్రపంచ విజేతలను సైతము ఓడింపగలదు, వెల లేదు. 2013 నుండి ఎందరో ఔత్సాహికులు తమ కంప్యూటర్లను పరీక్షలకు ఉచితముగా ఇచ్చి దాని బలమును పెంచుచున్నారు. ఊరి చెరువు నిండియుండగా బిందెనీరు కొనువారెవరు?

ఆ ఉచిత ప్రోగ్రామునే మార్చి అమ్మరాదా యందురేమో. అమ్మవచ్చును. కాని మూలపాఠమును కూడ అదే స్వేచ్ఛతో కొనువారికి ఈయవలెనని దాని షరతు. 2021లో జర్మనీలోని చెస్‌బేస్ సంస్థ స్టాక్‌ఫిష్ ఆధారముగా నిర్మితమైన ఫ్యాట్ ఫ్రిట్జ్ 2ను అమ్మగా, స్టాక్‌ఫిష్ కర్తలు న్యాయస్థానమున కెక్కిరి. 2022లో ఆ వ్యాజ్యము రాజీతో ముగిసెను.

ఇక లెక్క చూతము. ప్రతి వంద రూపాయల చొప్పున నూర్గురు కొన్నను వచ్చునది పదివేలు. కొన్నవారి సందేహములకు జవాబులు, కొత్త యంత్రములకు సవరణలు ఏడాది పొడుగునను తప్పవు. ఆనందముకొరకు చేసిన పని అప్పుడు వెట్టి యగును.

కావున నా సలహా ఇది: నాయనా, ఉద్యోగము మానకుము. నీ ప్రోగ్రామును మూలపాఠముతో సహా ఉచితముగా పంచుము. నీ నేర్పు నలుగురికిని తెలియును. అమ్మదలచినచో బలమును గాక బోధను అమ్ముము. ఏ ఎత్తు ఎందుకు తప్పో పల్లె పిల్లవానికి తెలుగున విడమరచి చెప్పు పాఠములకు వెల ఇచ్చువారు కొందరైనను ఉందురు. అదియును తీరిక వేళలలోనే ఆరంభింపుము.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఒక్క పుస్తకమైనను అమ్మలేదు. అయినను ఇచ్చట చదివినవారెందరో తమ విద్యతో జీవించుచున్నారు. ఆ యువకుని శ్రమయు అట్లే ఫలించుగాక. సెలవు.