కామ్‌రేజ్‌లో ఊసబియ్యం

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

వంటల గురించి నన్ను మాట్లాడమన్నారంటే మా ఆవిడ నవ్వింది. నేను తినేవాణ్ణే గానీ వండేవాణ్ణి కాదు.

కామ్‌రేజ్‌కు బదిలీ అయినప్పుడు అమ్మను కూడా వరంగల్ నుంచి తీసుకొచ్చాం. నెలరోజులు ఆమె సరిగ్గా తినలేదు. హోటల్ పప్పులో బెల్లం. ఇంట్లో వండుదామంటే, కొన్న కందిపప్పుకు నూనె పట్టించి ఉంది. ఇక్కడ పురుగు పట్టకుండా అలా చేస్తారు. వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే సరి. అది మాకు తెలిసేసరికి రెండు కిలోలు అయిపోయాయి! అమ్మ చిక్కిపోయింది. "నన్ను ఊర్ల దింపిరా బిడ్డా" అనేది.

డిసెంబరులో ఓ సాయంత్రం హైవే పక్క బండి మీద పోంక్ కనిపిస్తే పావుకిలో తెచ్చాను. లేత జొన్న కంకులు కాల్చి రాల్చిన పచ్చటి గింజలవి. నిమ్మకాయ, మిరియాలు వేసిన సేవ్‌తో తింటారు. అమ్మ సేవ్ పక్కకు నెట్టి, గింజలు నోట్లో వేసుకుని, "గివి మన ఊసబియ్యమే గదరా!" అంది. ఆ రాత్రి అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.

తర్వాత కూరగాయల బజారుకు ఆమే బయల్దేరేది. సూరతీ పాపడీ అంటే మన చిక్కుడే. కంద్ మాత్రం మన కంద కాదు, ఊదారంగు పెండలం. కంద కావాలంటే సూరణ్ అనాలి. ఊంధియులో వేసే ఆ చిక్కుడునే అమ్మ మన పోపుతో వండేది.

బయట తినాలంటే కాఠియావాడీ హోటల్ చూసుకోండి. సజ్జరొట్టె, కాల్చిన వంకాయతో చేసే ఓళో, వెల్లుల్లి చట్నీ. తీపి తక్కువ. పోంక్ ఏ రోజుది ఆ రోజే తినాలి, నిలవుంటే గట్టిపడుతుంది.

ఇప్పుడు చలి మొదలైతే చాలు, నేను ఆఫీసు నుంచి రాగానే అమ్మ అడిగేది ఒకటే: "బండి వచ్చిందా?"