పెరటి నేలను తవ్వాలా?
(మంచేనహళ్ళిలో చేసిన ప్రసంగ పాఠం)



మొదట ఒక పొరపాటును ఒప్పుకోవలసి ఉన్నది. ఈ పుస్తికలోని తెలుగు విభాగానికి నేను అనువాదకుడిని. కన్నడ మూలంలో 'కళె తీయండి' అని ఉన్న వాక్యాన్ని ఒకసారి పరాకున 'తోటలోని కళను తీసివేయండి' అని వ్రాశాను. కన్నడంలో కళె అంటే కలుపు. తెలుగులో కళ అంటే ఏమిటో మీకు తెలుసు. అచ్చుకు పోకముందే ఒక పెద్దాయన దానిని పట్టుకున్నారు. కాగితం మీది తప్పు అలా తప్పిపోయింది కాని, పెరట్లో నేను సరిగ్గా ఆ పనే చేశాను.

మా పెరటి మూల తుంగ పెరిగింది. పవర్ టిల్లర్ పిలిపించి గంటలో నేలంతా దున్నించాను. ఆ సాయంత్రం ఎర్రమన్ను చూడముచ్చటగా ఉన్నది. కొన్ని వారాలకు ఆ మూలనున్న తుంగ పెరడంతా పరచుకున్నది. తుంగకు నేలలోపల గడ్డలుంటాయి. సన్నని దారాలవంటి కాడలతో అవి ఒకదానికొకటి గొలుసుకట్టి ఉంటాయి. గొలుసు తెగనంతవరకు చాలా గడ్డలు మొలవక నిద్రలో ఉంటాయి. యంత్రం ఆ గొలుసును తెంపి, గడ్డలను నలుమూలలా నాటి పెట్టింది. బాడుగ మాత్రం నేనిచ్చాను.

కనుక తవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. గౌరిబిదనూరు తాలూకా నుండి వేరుపడి మన ఊరు తాలూకా కేంద్రమైన తరువాత కొత్త ఇండ్లు వెలుస్తున్నవి. పునాదిలోనుండి తీసిన లోతు మన్నును, కంకరను పెరట్లో పరచి తొక్కించినచోట తవ్వక తప్పదు. ఒకసారి గునపంతో అడుగు లోతుకు పెళ్ళగించి, రాళ్ళు, సిమెంటు పెళ్ళలు ఏరివేసి, బాగా మాగిన పశువుల ఎరువును కలపండి. భరణి, కృత్తిక కార్తెలలో వాన పడి మన్ను కొంచెం ఆరిన తరువాత ఈ పనికి అనువైన సమయం. పిడికెడు మన్ను పిసికితే చేతికి అంటుకొనరాదు. తడి ఎర్రమన్నును తవ్వితే ఎండిన పిమ్మట ఇటుకలాగా బిగుసుకొంటుంది.

ఏండ్లుగా ఆకు రాలి, వానపాములు తిరుగుతున్న పెరడును మాత్రం తిరగవేయకండి. కలుపు గింజలు నేలలోపల ఏండ్ల తరబడి నిద్రిస్తాయి. వాటిలో చాలావాటికి వెలుగు తగిలితే చాలు, మొలుస్తాయి. మనం తవ్విన ప్రతిసారీ కొన్నింటిని మేలుకొలుపుతున్నాము. అక్కడ కలుపును నేలమట్టానికి కోసి, తడిపిన అట్టలను అంచు మీద అంచు అర అడుగు వచ్చేలా పరచి, పైన నాలుగు వేళ్ళ మందం ఎరువు, ఆకులు వేయండి. అట్టకున్న ప్లాస్టిక్ పట్టీలు ముందే ఒలిచివేయాలి. కానుగ ఆకు మనకు ఊరంతా దొరుకుతుంది. వేరుశనగ పొట్టు మంచిదే. రాగి గడ్డిలో గింజలు మిగిలి ఉంటే మరుసటి వానకు రాగి పైరు చూడవలసి వస్తుంది. మొక్క నాటేచోట మాత్రమే చిన్న గుంత తీయండి; మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాలు ఖాళీ విడవండి.

ఇక్కడ చెదల సంగతి చెప్పకపోతే మీరు నన్ను నిలదీస్తారు. ఎండిన అట్టకు మన ఎర్రనేలలో చెదలు వస్తాయి. గోడకు రెండడుగుల దూరంలో ఆపండి, అట్టను తడి ఆరనీయకండి. కుళాయి నీరు వంతులవారీగా వచ్చే వీధులలో అంట్లు కడిగిన నీరు చాలదు. అట్టి ఇంట అట్టను మాని ఆకులు మాత్రమే మందంగా వేయడం మేలు. ఆ కప్పు ఉంటే నేల త్వరగా ఆరదు కనుక నీటి ఖర్చూ తగ్గుతుంది.

తుంగ అట్టను పొడుచుకొని రాగలదు. దానికి ఓపికే మందు. నేల తడిగా ఉన్నప్పుడు గడ్డతో సహా పెకలించి, గడ్డలను బండమీద వేసి చైత్రవైశాఖాల ఎండకు ఎండబెట్టాలి. తరువాత వచ్చే మొలకలను రెండు మూడు వారాలకొకసారి, కొత్త గడ్డ కట్టకముందే తీసివేయాలి. నేను రెండో ఏడు కూడా తీస్తూనే ఉన్నాను.

మనం కాంగ్రెస్ గడ్డి అని పిలిచే వయ్యారిభామ సంగతి వేరు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పుప్పొడి వల్ల ఉబ్బసం, తాకిడి వల్ల చర్మవ్యాధి కలుగుతాయి. పూత రాకముందు, చేతికి తొడుగు వేసుకొని, వేరుతో లాగివేయండి. దాని ఆకు తినే చారల పెంకుపురుగును మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగళూరులో విడిచిపెట్టారు. పొడికాలంలో అది మన్నులో దాగి, వానలకు పైకి వస్తుంది. కనబడితే చంపకండి.

అంగడిలో అమ్మే కలుపుమందు వాడవచ్చునా అని చాలామంది అడుగుతున్నారు. గ్లైఫోసేట్‌ను శిక్షణ పొందిన పురుగుల నియంత్రణ సిబ్బంది ద్వారా తప్ప ఎవరూ వాడరాదని కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. కొత్తిమీర కోసుకొనే పెరట్లో, పిల్లలు ఆడుకొనే వాకిట్లో దానిని చల్లడం నాకు సమ్మతం కాదు.

సభకు ముందు ఈ భవనం వెనుక అడుగు లోతు గుంత తీయించి నీరు పోయించాను. ఒకసారి ఇంకిన తరువాత మళ్ళీ నింపమన్నాను. గంటలో సగమైనా ఇంకితే నేల గుల్లగా ఉన్నట్లు, అలాగే నిలిచి ఉంటే తవ్వవలసినట్లు. రండి, ఎంత ఇంకినదో చూద్దాము.